ఎడమ చేతిలో దువ్వెన

నా సంచి మా వదిన, మా ఆయన అక్క భాగీరథమ్మ సర్దింది. రెండు చీరలు, రెండు జాకెట్లు, తువ్వాలు, స్టీలు గ్లాసు, కొబ్బరినూనె సీసా, ఆస్పత్రి కాగితాలున్న ప్లాస్టిక్ కవరు. ఒక్క రాత్రికి ఇన్నెందుకని మా కోడలు శైలజ అడిగింది. ఆస్పత్రివాళ్ళు ఒక రాత్రి అంటే మూడు రాత్రులనుకోవాలని ఆమె జవాబు. నేను మంచం మీద కూర్చుని చూస్తున్నాను. మా ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళినా సంచి సర్దేది నేనే. నా సంచి మరొకరు సర్దుతుంటే చూడడం అదే మొదటిసారి.

ఆ పని నేను ఎవరికీ వదలకపోవడానికి కారణం ఇంట్లో అందరికీ తెలుసు. బయలుదేరేవాళ్ళ సంచిలోంచి ఒక వస్తువు తీసి ఇంట్లో పెట్టేస్తాను. వాళ్ళది ఒకటి ఇక్కడ మిగిలి ఉంటే దాని కోసమైనా తిరిగి వస్తారని. ఇది ఎవరూ చెప్పిన ఆచారం కాదు. నాకు ఏడేళ్ళప్పుడు మా అన్న తన సామానంతా ఒక గోనెసంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. వెతికితే ఇంట్లో అతనిది చొక్కా గుండీ కూడా దొరకలేదు. అప్పటినుంచి మొదలైంది. మా అబ్బాయి మంజునాథ్ పీణ్యలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. ఫ్యాక్టరీ పని మీద కోయంబత్తూరు వెళ్ళినప్పుడల్లా పళ్ళు తోముకునే బ్రష్ అక్కడే కొనుక్కుంటాడు. భాగీరథమ్మ ఏటా పెద్దల అమావాస్యకి హిందూపురంలో మరిది ఇంటికి వెళ్తుంది. ఆమెది దువ్వెన తీస్తాను.

"నీ పుణ్యాన ఆడ దువ్వెనలమ్మేటోడు నాకి సుట్టమైపాయ" అంటుందామె. అక్కడ కొన్న దువ్వెనలన్నీ మా అద్దం వెనకాల రేకు డబ్బాలో ఉన్నాయి.

మా ఆయన సుబ్బరాయుడు తొమ్మిదేళ్ళ కిందట ఛాతీలో నొప్పని ఆటో ఎక్కినప్పుడు సంచి సర్దే వ్యవధి లేకపోయింది.

నేను ఆస్పత్రికి బయలుదేరిన రోజు తొలి ఏకాదశి, జూలై పదిహేడు. భాగీరథమ్మ మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళినప్పుడు నేను నా నోటుబుక్కుని, అందులో పెన్నుతో సహా, తువ్వాలు కింద దూర్చాను. ఆమె వచ్చి సంచిని మళ్ళీ ఒకసారి తడిమి జిప్పు వేసింది.

"నీదీ ఒకటి తీసి పెట్టినా. ఏమని అడగొద్దు" అంది.

ఇంతకాలం నన్ను ఎగతాళి చేసిన మనిషి ఆ పని చేసిందంటే, నా ఆపరేషన్ గురించి ఆమె కూడా భయపడుతోందని అర్థమైంది. అంతకంటే ఎక్కువ అర్థం కావడానికి మరో రెండు రోజులు పట్టింది.

ఆపరేషన్ పెద్దది కాదు. నా కిడ్నీలు పదో వంతు కూడా పనిచేయడం లేదు. డయాలసిస్ తప్పదన్నారు. మిషన్‌లోకి రక్తం వేగంగా పోవాలంటే మామూలు నరం చాలదట. అందుకని చేతిలో ఒక ధమనిని పక్కనున్న సిరకి కలిపి కుట్టేస్తారు. ధమనిలోని జోరంతా సిరలోకి వచ్చి, అది రెండు నెలల్లో లావై, లావాటి సూదులను తట్టుకునేంత గట్టిపడుతుంది. దాన్ని ఫిస్టులా అంటారు. అది ముదిరేలోగా కిడ్నీలు చేతులెత్తేస్తే మెడలో గొట్టం పెట్టాలి. మెడ గొట్టంతో పోయినవాళ్ళ గురించి ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని విన్నాను. ఆ వానాకాలం మా ఇంట్లో ఉన్నదంతా ఆ ఒక్క పందెమే, నరం ముందా, కిడ్నీలు ముందా అని.

చేయి ఏదన్న ప్రశ్న అంతకు పది రోజుల ముందే వచ్చింది. డాక్టర్ అచ్యుత్ విజయవాడ వైపు అబ్బాయి. నా రెండు చేతులూ స్కాన్ చేసి, తక్కువ వాడే చేతికి చేస్తామని చెప్పి, "అమ్మా, మీ పనులన్నీ ఏ చేత్తో చేసుకుంటారు? రైట్ హ్యాండేనా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపల భాగీరథమ్మ అందుకుంది. "కుడి చెయ్యేనప్పా. మా ఇంట్లో అందరిదీ కుడి చెయ్యే."

ఆయన నా వైపు చూశాడు. నేను తలూపాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

అది పూర్తిగా అబద్ధమని కూడా అనలేను. అన్నం కుడి చేత్తో తింటాను, కుంకుమ కుడి చేత్తో తీస్తాను, ఎవరికి ఏది ఇచ్చినా కుడి చేత్తోనే ఇస్తాను. కాని నేను పుట్టింది ఎడమచేతి వాటంతో. పద్దెనిమిదేళ్ళకి కబ్బన్‌పేటలోని ఈ మగ్గాల ఇంటికి కోడలిగా వచ్చి, మొదటి రోజు బంతిలో అందరికీ ఎడమ చేత్తో నెయ్యి వడ్డించాను. మా అత్తగారు చూసింది. సాయంత్రం కూతురిని పిలిచి నన్ను అప్పగించింది. అప్పటికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన భాగీరథమ్మ, పాత చీర అంచు చింపి నా ఎడమ చేతిని నడుముకి కట్టేసేది. పొద్దున కట్టి రాత్రి విప్పేది. మూడు నెలల తర్వాత కట్టాల్సిన అవసరం లేకపోయింది.

రాత మాత్రం ఎడమ చేతికే వచ్చింది. బడి రెండో తరగతితోనే ఆగిపోయినా, సరుకులు కట్టి తెచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. తర్వాత పుస్తకాలు. రాయబోతే కుడి చేతికి అక్షరం లొంగలేదు. ఒకనాటి మధ్యాహ్నం అందరూ నిద్రపోతున్నప్పుడు పెన్ను ఎడమ చేతికి మార్చి చూశాను. 'అ' గుండ్రంగా వచ్చింది. అప్పటినుంచి నా రాత అంతా మగ్గాల గదిలో తలుపు వెనకాలే. ఆ మగ్గాలు అమ్మేసి ముప్పై ఏళ్ళయినా నేను రాసే చోటు మారలేదు. ఎవరికీ తెలియదనుకున్నాను.

*

నాకు మత్తు ఇవ్వలేదు. మోచేతి దగ్గర మొద్దుబారేలా సూది వేసి, మొహానికి అడ్డంగా గుడ్డ కట్టారు. గుడ్డ అవతల డాక్టరూ ఇంకొకతనూ ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ గురించి మాట్లాడుకుంటూ కుట్టారు. గంటన్నర పట్టింది.

సాయంత్రం నర్స్ జెస్సీ వచ్చి నా కుడి చేతి వేళ్ళని తీసి కట్టు పక్కన ఆనించింది. చర్మం కింద ఏదో సన్నగా అదురుతోంది. మా గోడ అవతల వెంకటగిరియప్ప మరమగ్గం నడుస్తున్నప్పుడు గోడ మీద చెయ్యి వేస్తే తెలిసే అదురే అది.

"ఇది ఉన్నంతవరకు మీ ఫిస్టులా పని చేస్తున్నట్టే, అమ్మా. డైలీ పొద్దున లేవగానే చెక్ చేసుకోండి. ఆగిపోయిందంటే వెంటనే వచ్చేయాలి, రేపు చూద్దాం అనుకోకూడదు" అని చెప్పింది. ఇక మీదట ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, సూది వేయనివ్వకూడదు, ఆ చేత్తో బరువెత్తకూడదు, దాని మీద ఒరిగి పడుకోకూడదు, బిగుతు గాజులు, బిగుతు జాకెట్టు వేయకూడదు. ఇవన్నీ చెప్పి ఎర్ర రంగు మెత్తటి బంతి ఒకటి ఇచ్చింది. కుట్లు కాస్త మానాక దాన్ని రోజుకి వందసార్లు పిసకాలి.

మర్నాడు పొద్దున సంచిలోంచి నోటుబుక్కు తీశాను. పెన్ను లేదు.

ఇంటికి వచ్చాక, నేను నోటుబుక్కు దాచే చోట, మంచం కింద ట్రంకుపెట్టెలో పాత దుప్పటి మడతలో చూశాను. పెన్ను అక్కడ ఉంది. మనిషి తిరిగి వచ్చాక, తీసిన వస్తువుని దాని చోట పెట్టేయడం నా పద్ధతి. ఆమె కూడా అలాగే చేసింది. అంటే నోటుబుక్కు ఆమెకి తెలుసు, అది దాచే చోటూ తెలుసు. చోటు తెలిసినామెకి చెయ్యి తెలియకుండా ఉండదు. అన్నీ తెలిసే డాక్టరుకి కుడి చెయ్యని చెప్పింది.

పెన్నుని అక్కడే ఉంచి పెట్టె మూశాను.

*

మంజునాథ్ ఆరింటికే పీణ్య బస్సు పట్టుకునేవాడు. శైలజ చిక్కపేటలో చీరల కొట్లో పనిచేస్తుంది, పదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి. పగలంతా ఇంట్లో ఇద్దరం ముసలివాళ్ళమే.

భాగీరథమ్మ నా జాకెట్లన్నిటికీ ఎడమ చేతి కుట్టు ఊడదీసి వదులు చేసింది. కుడి చేతివి అలాగే ఉంచింది. నాకు తల దువ్వి జడ వేసేది. పొద్దున కాఫీ కంటే ముందు నా మంచం దగ్గరికి వచ్చి, చెవి పెట్టి వినడానికి తనకి సరిగా వినపడదు కాబట్టి రెండు వేళ్ళు మాత్రం నా మోచేతి మీద ఆనించి కళ్ళు మూసుకునేది.

"ఉండాది" అనేది.

ఆ మాటతో నాకు తెల్లవారేది. నేను అప్పటికే పదిసార్లు చూసుకుని ఉండేదాన్ని. అయినా ఆమె చెప్పేదాకా నమ్మకం కుదిరేది కాదు. ఎవరి మీద కోపం ఉందో ఆ మనిషి మీదే అంత ఆధారపడడం నాకు వింతగా ఉండేది.

జూలై ఆఖరున ఒక మధ్యాహ్నం కునుకు తీస్తున్నాను. ఉన్నట్టుండి అదురు ఆగిపోయింది. లేచి చెయ్యి పట్టుకుంటే కంగారులో ఏదీ తెలియలేదు. భాగీరథమ్మని కేకేశాను. ఆమె పిండి చేతులతోనే వచ్చి వేళ్ళు ఆనించి చూసి, తలెత్తి ఫ్యాను వైపు చూసింది. కరెంటు పోయింది. ఆగింది వెంకటగిరియప్ప మగ్గం.

"నీ చేతికి బెస్కాం కరెంటు లేదే తల్లీ" అంది. నా మోచేతి మీద ఆమె వేసిన రెండు పిండి వేళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

ఆగస్టు మొదటి వారంలో కుట్లు విప్పారు. డాక్టరు చెవిగొట్టం పెట్టి విని బాగుందన్నాడు. క్రియాటినిన్ ఆరు దాటి ఏడుకి దగ్గరగా ఉంది. ఆ అంకె ఎక్కేలోపల నరం ముదరాలి.

ఇంటికి రాగానే ట్రంకుపెట్టె తీశాను. ఎడమ చేత్తో పెన్ను పట్టుకుంటే ఉంగరం వేలికీ చిటికెన వేలికీ పెన్ను ఉన్నట్టే తెలియలేదు. తేదీ రాయబోతే చెయ్యి కాగితం మీద నిలవక జారింది. వేళ్ళని చెంపకి ఆనించి చూసుకున్నాను. ఫ్రిజ్‌లోంచి తీసిన వంకాయల్లా ఉన్నాయి.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే డాక్టరు, ఏం చేస్తుంటే జారిందని అడుగుతాడు. రాస్తుంటే అనాలి. ఏ చేత్తో రాస్తారని అడుగుతాడు. ఆ మాట చెప్తే నరాన్ని విప్పేస్తారేమో, మళ్ళీ మొదటినుంచి రెండు నెలలు, మధ్యలో మెడ గొట్టం. ఇలా ఒకదాని వెనక ఒకటి ఊహించుకుంటూ పది రోజులు గడిపాను. పగలు కొంగులో, రాత్రి దుప్పట్లో వేళ్ళు దాచుకున్నాను. నలభై ఎనిమిదేళ్ళ కిందట నడుముకి కట్టిన చేతిని కూడా పేరంటాళ్ళకి కనపడకుండా పమిట కిందే దాచేవాళ్ళు.

*

వరమహాలక్ష్మి పండగ ఆగస్టు పదహారున వచ్చింది. శైలజ సెలవు పెట్టి కలశం నిలిపింది. సాయంత్రం వీధిలోవాళ్ళు పేరంటానికి వచ్చారు. భాగీరథమ్మా నేనూ వంటింట్లోనే ఉండి గిన్నెలు గుమ్మం దాకా అందిస్తున్నాం. కోసంబరి గిన్నె రెండు చేతులతో పట్టుకున్నాను. ఎడమ వైపు పట్టు లేదని గిన్నె ఒరిగాకే తెలిసింది. నానిన పెసరపప్పు, దోసకాయ ముక్కలు గుమ్మం పొడవునా చల్లుకున్నాయి.

భాగీరథమ్మ వంగి ఎత్తసాగింది. నేనూ వంగాను. ఎత్తుతుండగా ఆమె చెయ్యి నా వేళ్ళకి తగిలింది. ఆమె ఆగిపోయింది. పేరంటాళ్ళు వెళ్ళాక స్టూలు లాక్కుని నా ఎదుట కూర్చుని, నా ఎడమ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఎన్ని దినాలాయ?"

పదకొండన్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు అన్నీ తెలుసు కదా వదినా" అన్నాను. "ఏ చేత్తో రాస్తానో కూడా తెలుసు."

ఆమె నా వేళ్ళని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. ఆమె చేతులు పొయ్యి దగ్గరనుంచి వచ్చి వెచ్చగా ఉన్నాయి. సోమవారం డాక్టరు దగ్గరికి పోదాం అంది. వేళ్ళు వదల్లేదు. శైలజ వచ్చి హారతి పళ్ళెం ఎక్కడని అడిగినా లేవలేదు.

సోమవారం మంజునాథ్ సగం రోజు సెలవు పెట్టి ఆటోలో తీసుకువెళ్ళాడు. డాక్టర్ అచ్యుత్ నా చేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. వేలికి క్లిప్పు తగిలించి అంకెలు చూశాడు. కొత్త దారి జోరుగా ఉండడంతో రక్తం అటే పోతోంది, వేళ్ళకి తగ్గింది, కొందరికి ఇలా జరుగుతుందన్నాడు. అందుకే ఎక్కువ వాడని చేతికి చేస్తామన్నాడు. వేళ్ళు ఏం చేస్తున్నప్పుడు తెలిసిందని నన్ను అడిగాడు.

నేను కొడుకు వైపు చూశాను. భాగీరథమ్మ లేచి నిలబడింది.

"ఆయమ్మ రాసేది ఎడమ చేత్తోనప్పా. ఆ పొద్దు కుడి అని చెప్పింది నేను. ఆయమ్మ కాదు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "మరి అప్పుడు ఎందుకలా చెప్పారు, పెద్దమ్మగారూ? ఇది చాలా ఇంపార్టెంట్ కదా."

"కొత్తకోడలుగా వచ్చినప్పుడు ఆ చెయ్యి కట్టేసింది నేనే. ఎడమ చేతి కోడలంటే ఇంటికి మర్యాద కాదని మా యమ్మ చెప్పె. ఎవురడిగినా కుడి అని చెప్పి చెప్పి నలభై ఎనిమిదేండ్లాయ. నీవు అడిగితే నోరు అదే అనేసె. తరువాత తెలిసె నాకి. ఆపరేషన్ అయ్యేదాకా దినామూ చెప్పల్ల అనుకున్యా. చెప్పలేకపోతి."

మంజునాథ్ నన్ను చూస్తున్నాడు. నేను రాస్తానన్న సంగతే అతనికి అప్పుడు తెలిసింది.

డాక్టరు ఎవరినీ మందలించలేదు. రెండు దారులు చెప్పాడు. ఒకటి, నరాన్ని మూసేసి కుడి చేతికి మళ్ళీ చేయడం. ఈలోగా మెడ గొట్టం తప్పకపోవచ్చు. రెండోది, రెండు మూడు వారాలు చూడడం. చాలామందికి వేళ్ళు వాటంతటవే సర్దుకుంటాయి. వెచ్చగా ఉంచుకోవాలి, బంతి మానకూడదు. వేలి మీద పుండు లేచినా, ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా ఆ రోజే రావాలి.

"రాసుకోవడం మీకు చాలా ముఖ్యమా, అమ్మా?" అని అడిగాడు.

"ముఖ్యమే" అన్నాను. "కాని మూయొద్దు. చూద్దాం."

ఆస్పత్రిలో నా చేతి గురించి నేను చెప్పిన మొదటి మాట అదే. ఆటోలో తిరిగి వస్తుంటే కార్పొరేషన్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు భాగీరథమ్మ తన పమిట కొస తీసి నా ఎడమ చేతికి చుట్టింది.

*

శైలజ చిక్కపేట ఫుట్‌పాత్ మీద ఉన్ని చేతితొడుగుల జత కొనుక్కొచ్చింది. ఊదారంగు. ఎడమది నాకు. కుడిది వేస్టవుతుందని భాగీరథమ్మ తను తొడుక్కుంది. ఆగస్టు వానల్లో ఇద్దరం తలో తొడుగు వేసుకుని కూర్చుంటే మంజునాథ్ గుమ్మంలోనే నిలబడిపోయి, మీ ఇద్దరూ కలిసి ఏ మంచుకొండ ఎక్కబోతున్నారని అడిగాడు.

సాయంత్రం దీపం పెట్టాక ఆమె తొడుగులు రెండూ తీసేసి నా వేళ్ళని చేతుల్లోకి తీసుకునేది. అరగంట. మేమెప్పుడూ అంతసేపు ఎదురెదురుగా కూర్చోలేదు. మాట్లాడడానికి ఏమీ లేక, ఒక రోజు ఆమె నోటుబుక్కు తెమ్మంది.

"అందులో ఏముండాది? చదువు, ఇంటా."

ఆమెకి చదువు రాదు. నోటుబుక్కులో పెద్దగా ఏమీ ఉండదని చెప్పాను. నచ్చిన పుస్తకంలోని సంగతులు, ఆ తర్వాత ఎవరెవరు ఎప్పుడు ఇల్లు వదిలి వెళ్ళిందీ, ఏ వస్తువు తీశానో, ఎప్పుడు తిరిగి వచ్చారో. అదే చదవమంది. కుడి చేత్తో పేజీలు తిప్పుతూ, గట్టిగా, ఆమెకి వినిపించేలా చదివాను. పాత నోటుబుక్కులు కూడా తెచ్చాను. భాగీరథమ్మ, హిందూపురం, పెద్దల అమావాస్య, దువ్వెన. నాలుగో రోజు వచ్చింది. భాగీరథమ్మ, హిందూపురం, దువ్వెన. ఐదో రోజు వచ్చింది, వాన వల్ల బస్సు ఆలస్యం. అలా ఇరవై ఎనిమిదేళ్ళవి ఉన్నాయి.

ఆమె అన్నీ విని, "అన్నిసార్లూ వచ్చినా కదా" అంది. ఎవరో తనని తప్పుపడితే జవాబు చెప్తున్నట్టుగా.

తర్వాత, తలుపు సందులోంచి నేను రాస్తుండగా మొదటిసారి చూసింది మంజునాథ్ కడుపులో ఉన్నప్పుడని చెప్పింది. మా అత్తగారికి చెప్పేద్దామని వెళ్ళిందట. ఆవిడ నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదట. ఆ తర్వాత నేను గదిలో ఉన్నప్పుడల్లా నడవలో కూర్చుని బియ్యం ఏరేదట, ఎవరైనా అటు వస్తే దగ్గేది. ఆ దగ్గు నాకు గుర్తే. ఆయాసమనుకునేదాన్ని.

ఆ రోజు అరగంట గంటయింది.

వినాయకచవితి వెళ్ళిన వారానికి చిటికెన వేలిలో సూదులు గుచ్చినట్టయింది. నొప్పేమోనని భయపడ్డాను. డాక్టరు చూసి, తిమ్మిరి వదులుతోందన్నాడు. స్కాన్‌లో నరం వెడల్పు చూసి తృప్తిపడ్డాడు. అప్పటికి అది మోచేతి పైన చర్మం కింద తాడులా లేచింది. క్రియాటినిన్ ఎనిమిది దాటింది. నాకు ఆకలి పోయింది, పాదాలు వాచాయి, నోట్లో ఇనుము రుచి. ఇంక ఆగొద్దన్నారు.

సెప్టెంబరు ఇరవై ఐదు, బుధవారం, మొదటి డయాలసిస్. టెక్నీషియన్ స్టాన్లీ నా చేతిని రెండు వైపులా తట్టి, "సూపర్ లైన్ అమ్మా, కాలవలా ఉంది" అని రెండు సూదులు దించాడు. నొప్పి పుట్టింది, ఓర్చుకోలేనంత కాదు. నా రక్తం ఎర్రటి గొట్టంలోంచి వెళ్ళి మరో గొట్టంలోంచి తిరిగి వస్తుంటే నాలుగు గంటలు చూశాను. అద్దం తలుపు అవతల బెంచీ మీద భాగీరథమ్మ నాలుగు గంటలూ కూర్చుంది. మంజునాథ్ టిఫిన్‌కి రమ్మంటే రాలేదట. శుక్రవారం రెండోసారీ అంతే. మెడకి గొట్టం పడలేదు. పందెం మాది అయింది.

*

ఆదివారం ఆమె హిందూపురం బయలుదేరింది. బుధవారం అమావాస్య. మరిది పెద్దలకు పెట్టుకునేటప్పుడు, పోయిన తన అన్న పేరు చెప్పే వేళకి ఆమె ఎదురుగా ఉండాలి. ఈ ఒక్క ఏడాది మానెయ్యమన్నాను. డెబ్భై ఆరేళ్ళు, ఒక్కదానివే బస్సులో ఎందుకన్నాను.

"నీ చెయ్యి బాగుండాది, మిషను బాగుండాది. నేనేం చేయల్ల ఈడ? బేస్తవారానికి వచ్చేస్తా. శుక్రవారం నీతో ఆస్పత్రికి వస్తా కదా" అంది.

ఆమె సంచి నేనే సర్దాను. రెండు చీరలు, తువ్వాలు, మరిది మనవళ్ళకి మైసూర్‌పాకు, మందులు, దువ్వెన. అన్నీ పెట్టాను. ఆమె స్నానం చేసి వచ్చేలోపల దువ్వెన తీద్దామనుకున్నాను. కాని ఆ ఏడాది ఆమె ఎదుటనే తీయడం మర్యాద అనిపించింది. అందుకని ఆగాను. ఆమె తల తుడుచుకుంటూ వచ్చి, నేను ఊరికే కూర్చోవడం చూసి, సంచిలోకి చెయ్యి పెట్టి దువ్వెన తనే తీసింది.

నేను కుడి చెయ్యి చాచాను.

ఆమె ఆ చేతిని పక్కకి తోసి, నా ఎడమ చేతిని పైకి లాగి, అరచేతిలో దువ్వెన పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటిగా దాని మీదికి ముడిచింది. పెట్టింది కూడా తన కుడి చేత్తో కాదు.

"గట్టిగా పట్టుకో. బంతి మాదిరి" అంది.

వేళ్ళకి దువ్వెన పళ్ళు తెలిశాయి. ఐదింటికీ తెలిశాయి. తర్వాత అలవాటుగా మోచేతి మీద రెండు వేళ్ళు ఆనించి, ఉండాది అని చెప్పి, చెప్పులు వేసుకుంది. మంజునాథ్ మెజెస్టిక్‌లో బస్సెక్కించి వచ్చాడు. కిటికీ సీటు దొరికిందని చెప్పాడు.

ఆ మధ్యాహ్నం మగ్గాల గదిలోకి వెళ్ళలేదు. వీధి గదిలో, తలుపు తీసి ఉండగానే, కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో రాశాను. భాగీరథమ్మ, హిందూపురం, సెప్టెంబరు ఇరవై తొమ్మిది, దువ్వెన. అక్షరాలు వంకర పోయినా చదవడానికి వచ్చాయి. శైలజ చూసి, అత్తా, నీ రాత ఇంత బాగుంటుందా అంది.

బుధవారం గాంధీ జయంతి అయినా ఆస్పత్రికి సెలవు లేదు. పదకొండింటికి నన్ను మిషన్‌కి తగిలించారు. మూడింటికి స్టాన్లీ సూదులు తీసి దూది ఒత్తిపట్టాడు. రక్తం ఆగాక మంజునాథ్ లోపలికి వచ్చి చెప్పాడు. అతనికి ఫోను ఒకటిన్నరకే వచ్చింది. సూదులు తీసేదాకా ఆగాడు. మరిది తన అన్న పేరు చెప్పి పెట్టుకున్నది అయ్యాక, భాగీరథమ్మ విస్తరి ముందు కూర్చోబోతూ ఒరిగిపోయిందట. మజ్జిగ తెచ్చేలోపల పోయిందట. మిషన్ దిగిన మనిషిని ఆ ఎండలో అంత దూరం తీసుకెళ్ళొద్దని డాక్టరు అన్నాడు. మంజునాథ్, శైలజ వెళ్ళారు. అక్కడే దహనం చేశారు. సంచి తెచ్చారు. అందులో కొత్త దువ్వెన ఉంది.

ఇప్పటికీ సోమ, బుధ, శుక్రవారాలు వెళ్తున్నాను. నరం బాగా పనిచేస్తోంది. పొద్దున నేనే చూసుకుంటున్నాను.

భాగీరథమ్మ తిరిగి రాలేదు. రెండువేల ఇరవై నాలుగు, అక్టోబరు రెండు, బుధవారం, మధ్యాహ్నం ఒకటీ పావు.